ఇల్లు ఖాళీ చేయకండి, పక్కన కూర్చోండి



ఈ వారం ఒక ఒప్పుకోలుతో మొదలుపెడుతున్నాము. మా సంఘములో ఒక పెద్ద తల్లి ఉన్నారు. భర్తగారు ప్రభువునందు నిద్రించి చాలా ఏళ్లయింది. పిల్లలు దూరాన ఉంటున్నారు. ఆమె ఇంట్లో రెండు గదులూ, వసారా సామానుతో నిండిపోయాయి. పాత పేపర్లు, ఎరువుల సంచులు, హార్లిక్స్ సీసాలు, ప్లాస్టిక్ కవర్లు, శుభలేఖలు, భర్తగారి పంచెలు, అయిపోయిన మందుల అట్టలు, ఏనాటివో చర్చి క్యాలెండర్లు. మంచం మీద కూడా మూటలే. తలుపు దగ్గర కాస్త జాగాలో చాప వేసుకుని పడుకునేవారు. గృహ కూడిక మా ఇంట్లో పెట్టండి అని ఆమె ఎన్నడూ అడగలేదు. ఎందుకు అడగడం లేదో మేమూ ఎన్నడూ ఆలోచించలేదు.

ఆమె కంటి ఆపరేషన్ కోసం ఆసుపత్రికి వెళ్లిన మూడు రోజుల్లో మేము యౌవనస్థులను వెంటబెట్టుకుని వెళ్లి ఆ ఇల్లంతా ఖాళీ చేశాము. రెండు ట్రాక్టర్ల సామాను బయటికి పోయింది. గోడలకు సున్నం కూడా వేశాము. ఇది ప్రేమతో చేసిన పరిచర్య అనుకున్నాము. ఆమె వచ్చి చూసి సంతోషంతో ఏడుస్తారనుకున్నాము. ఆమె ఏడ్చారు గాని సంతోషంతో కాదు. గుమ్మంలోనే నిలబడిపోయి, "అయ్యగారూ, ఒక్కసారి నన్ను అడగకూడదా?" అన్నారు. అంతే. ఇంకేమీ అనలేదు.

ఆ తరువాత ఏడు ఆదివారాలు ఆమె మందిరానికి రాలేదు. ఏడాది తిరగకముందే ఇల్లు మళ్లీ నిండింది. ఒక్కటే తేడా. ఇదివరకు పగలు తీసి ఉండే తలుపుకు ఇప్పుడు లోపల గడియ పడింది.

ఆమె అనుమతి తీసుకునే ఈ సంగతి రాస్తున్నాము. ఎవరో ఊహించే ప్రయత్నం దయచేసి చేయవద్దు. ఎందుకంటే తప్పు ఆమెది కాదు, మాది. ఆ తప్పు ఎక్కడుందో అర్థం చేసుకోవడానికి మాకు చాలా కాలం పట్టింది. మీరు కూడా అదే తప్పు చేయకూడదని ఈ మాటలు.

పొదుపు వేరు, వ్యాధి వేరు

మన పల్లెల్లో ఏదీ ఊరికే పారేయరు. చిరిగిన చీర బొంత అవుతుంది, ఖాళీ డబ్బా పప్పుల డబ్బా అవుతుంది. ఇది రోగం కాదు, బుద్ధి. అయిదు వేల మందికి ఆహారము పెట్టిన తరువాత మన ప్రభువు కూడా మిగిలిన ముక్కలు వృథా కాకుండా ఎత్తించాడని యోహాను సువార్త 6వ అధ్యాయములో చదువుతాము. పన్నెండు గంపలు నిండాయి. కాబట్టి దాచుకోవడమే పాపమని చెప్పడానికి వీల్లేదు.

కానీ కొందరికి ఏ వస్తువునూ వదలడం చేతకాదు. దాని విలువ ఎంతైనా, విలువే లేకపోయినా అంతే. పారేయాలనుకుంటేనే గుండె దడ, చెమట, దుఃఖం. అలా చేరిన సామాను చివరికి ఇంటిని ఇల్లుగా వాడుకోనివ్వదు. పొయ్యి దగ్గర వంట చేయలేరు, మంచం మీద పడుకోలేరు, ఎవరినీ లోపలికి పిలవలేరు. దీనికి వైద్యులు పెట్టిన పేరు హోర్డింగ్ డిజార్డర్. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన గ్రంథంలో దీనిని ప్రత్యేకమైన వ్యాధిగా చేర్చింది. అంతకుముందు దీనిని ఓసీడీలో ఒక లక్షణంగానే ఎక్కువగా చూసేవారు. 2022 నుండి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలోనూ ఇది ఉంది. వేర్వేరు దేశాల లెక్కలను కలిపి చూసినవారు నూటికి రెండు మూడు మందిలో ఇది కనిపిస్తుందని చెప్పారు. తరచుగా చిన్న వయసులోనే మొదలై, వయసుతో పాటు ముదురుతుంది. అందుకే మనకు వృద్ధుల ఇళ్లలోనే కంటపడుతుంది.

మేము సెమినరీలో కౌన్సెలింగ్ చదువుకున్నాము గాని ఈ మాట ఎన్నడూ వినలేదు. వినకపోవడం వల్ల ఏమి చేశామో తెలుసా? ఆ తల్లి ముందు వరుసలో కూర్చుని ఉండగా లూకా 12లోని ధనవంతుని ఉపమానము మీద, కొట్లు విప్పి పెద్ద కొట్లు కట్టాలనుకున్న ఆ మనిషి మీద, గంటసేపు ప్రసంగించాము. ఆమె తల వంచుకుని విన్నారు. అది మారుమనస్సు అనుకున్నాము. ఇప్పుడు తెలుస్తోంది, అది సిగ్గు.

ఒంటరిగా ఉన్నవారికి దారి కనబడదు

ఈ వ్యాధి ఎంత దూరం పోగలదో చెప్పడానికి న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో జరిగిన ఒక సంగతిని ఇప్పటికీ చెబుతారు. హోమర్, లాంగ్లీ కాలియర్ అనే అన్నదమ్ములు. చదువుకున్నవారు, మంచి కుటుంబం. అన్నకు చూపు పోయింది, కదలలేని స్థితి. తమ్ముడే అన్నం పెట్టి చూసుకునేవాడు. ఇల్లంతా సామాను. లోపల సొరంగాల వంటి దారులు చేసుకుని తిరిగేవారు. దొంగలు వస్తారని దారుల్లో ఉచ్చులు కూడా అమర్చుకున్నారు. 1947 మార్చిలో పోలీసులు లోపలికి వెళ్లగా అన్న శవం దొరికింది. తమ్ముడు ఎక్కడికో పారిపోయాడనుకుని ఊరూరా వెదికారు. రెండు వారాలు దాటాక, అన్న చనిపోయిన చోటికి పది అడుగుల దూరంలో తమ్ముడి శవం సామాను కింద బయటపడింది. అన్నకు ఆహారం తీసుకెళ్తుండగా తాను పెట్టిన ఉచ్చే తన మీద కూలింది. ఆ ఇంటినుండి 120 టన్నులకు పైగా సామాను తీశారు.

ఆ అన్నదమ్ములను లోకం వింతగా చెప్పుకుంది. మాకు మాత్రం ఆ పది అడుగుల దూరమే గుర్తుంటుంది. ఒకడు ఆకలితో, ఇంకొకడు కూలిన సామాను కింద. బయటినుండి తలుపు తట్టే మనిషి ఒక్కడూ మిగల్లేదు.

ఇప్పుడు లూకా 12ను మళ్లీ చదవండి. ఆ ధనవంతుడు ఎవరితో మాట్లాడుతున్నాడు? తనలో తానే. ఏమి చేయాలని తననే అడుగుతాడు, జవాబు కూడా తానే చెప్పుకుంటాడు. చివరికి సుఖపడమని తన ప్రాణానికే చెప్పుకుంటాడు. ఆ కథలో దేవుడు మాట్లాడేవరకు రెండో గొంతు లేదు. అతని ధనాపేక్ష గురించి మేము ఎన్నోసార్లు చెప్పాము. అతని ఒంటరితనం గురించి ఒక్కసారీ చెప్పలేదు.

అక్కడ ఏమి చేస్తున్నారు

ఈ వ్యాధికి ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న చికిత్స కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. ఆలోచనను, అలవాటును కొద్దికొద్దిగా మార్చుకోవడం నేర్పే పద్ధతి అది. దానిని ఒక్కొక్కరికి విడిగా చేయవచ్చు, గుంపుగా కూర్చోబెట్టీ చేయవచ్చు. డేవిడ్ టోలిన్, రాండీ ఫ్రాస్ట్, గెయిల్ స్టెకెటీ అనే ముగ్గురు నిపుణులు 2007లో ఇదే విషయం మీద మామూలు మనుషులకు అర్థమయ్యే పుస్తకం ఒకటి రాశారు. ఆ పుస్తకం ఆధారంగా చిన్న చిన్న గుంపులు మొదలయ్యాయి. వాటి విశేషం ఏమిటంటే, నడిపేవారు డాక్టర్లే కానక్కర లేదు. ఇదే బాధ పడి కొంత బయటపడినవారు కూడా నడుపుతారు.

ఎలా జరుగుతుందో చెబుతాము. కొద్దిమంది వారానికి ఒకసారి, సుమారు నాలుగు నెలలు కలుస్తారు. కొంత భాగం చదువుకుని మాట్లాడుకుంటారు. ఎవరి ఇంటినుండి వారు ఒక సంచి సామాను తెచ్చుకుని అందరి మధ్య ఒక్కొక్కటీ తీసి చూసుకుంటారు. ఇది నాకు అవసరమా? కిందటి ఏడాది వాడానా? పెట్టడానికి చోటుందా? పారేస్తే ఏమవుతుందని నా భయం? ఈ ప్రశ్నలకు పైకి జవాబు చెప్పాలి. నిర్ణయం మాత్రం ఆ వస్తువు ఎవరిదో వారిదే. వారి అనుమతి లేకుండా ఇంకొకరు ఆ వస్తువు మీద చెయ్యి వేయరు. ఏది చూసినా కొనాలనిపించేవారు అంగడికి వెళ్లి, చూసి, ఏమీ తీసుకోకుండా తిరిగి రావడం సాధన చేస్తారు. మొదట ఆ బాధ కొండలా లేస్తుంది. కాసేపు ఓర్చుకుంటే దానంతట అదే తగ్గుతుంది. తగ్గుతుందని ఒకసారి అనుభవంలో తెలిస్తే రెండోసారి కొంచెం ధైర్యం వస్తుంది.

శాన్ ఫ్రాన్సిస్కోలో 323 మందితో ఒక పెద్ద పరిశోధన చేసి 2018లో ప్రచురించారు. కొందరిని మానసిక నిపుణులు నడిపే గుంపుల్లో, మిగిలినవారిని ఇదే బాధ తెలిసినవారు నడిపే గుంపుల్లో చీటీ వేసినట్టుగా చేర్చారు. రెండు రకాల గుంపుల్లోనూ మేలు కనబడింది. బాధ తెలిసినవారి గుంపులు నిపుణుల గుంపులకు తీసిపోలేదు.

గుంపు ఎందుకు పనిచేస్తుంది? 2012లో టోలిన్‌గారు, ఆయన తోటివారు ఈ వ్యాధి ఉన్నవారిని మెదడు స్కానింగ్ యంత్రంలో ఉంచి, కాగితాలు చూపించి, ఉంచమంటారా, ముక్కలు చేయమంటారా అని అడిగారు. తమ కాగితం అయినప్పుడు, మెదడులో ఏది ముఖ్యమో తేల్చే భాగాలు మితిమీరి పనిచేశాయి. ఇతరుల కాగితం అయినప్పుడు అలా జరగలేదు. అంటే పనికిరాని కాగితం కూడా తనదైతే చాలు, లోపల పెద్ద గంట మోగుతున్నట్టే ఉంటుంది.

ప్రియులారా, ఇది చదివినప్పుడు మాకు నలుసు, దూలము జ్ఞాపకం వచ్చాయి. ఇతరుల కంటిలో నలుసు చూసి తన కంటిలో దూలము మరచేవాడిని ప్రభువు గద్దించాడు. ఈ గుంపులో ఆ చూపే మేలుకు వాడబడుతుంది. నీ పాత పేపర్లు ఎందుకూ పనికిరావని నాకు తేలిగ్గా కనబడుతుంది. నా సీసాలు పనికిరావని నీకు కనబడుతుంది. ఇద్దరమూ నవ్వుకుంటాము. తీర్పు తీర్చేవారు లేరు, ఎందుకంటే అందరి కంట్లోనూ అదే దూలము.

ఒక సంగతి దాచకూడదు. ఇది మంత్రం కాదు. ఇలాంటి చికిత్స పొందినవారిలో చాలామందికి మేలు జరుగుతుంది గాని, చికిత్స ముగిసేసరికి కూడా వ్యాధి లక్షణాలు మిగిలి ఉండేవారు ఎక్కువే. కొండ మొత్తం కరగదు. దారి మాత్రం తెరుచుకుంటుంది.

కట్లు ఎవరు విప్పారు

లాజరు సమాధి దగ్గర జరిగినది చూడండి. ప్రాణమిచ్చినది ప్రభువే. ఆ పని ఇంకెవరికీ సాధ్యం కాదు. అయితే లాజరు కట్లతోనే బయటికి వచ్చాడు. ఆ కట్లు విప్పే పనిని ప్రభువు అక్కడ నిలిచి ఉన్నవారికి అప్పగించాడు. ఒక్క మాటతో ఆ కట్లు కూడా ఊడిపోయేలా చేయలేడా? చేయగలడు. కానీ అది ఇరుగుపొరుగు చేతులకు వదిలాడు. ఇక్కడ ఒక క్రమం ఉంది. మొదట లాజరు పిలుపు విని తన కాళ్లతో బయటికి వచ్చాడు. తరువాతే వాళ్లు చెయ్యి వేశారు. మేమైతే ఆ తల్లి బయటికి రాకముందే, ఆమె లేని వేళ చూసి, కత్తి పట్టుకుని లోపలికి వెళ్లాము.

గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయములో ఒకరి భారములు ఒకరు భరించాలని రెండో వచనం చెబుతుంది. ఎవరి బరువు వారే మోసుకోవాలని అయిదో వచనం చెబుతుంది. ఈ రెండూ ఎలా పొసగుతాయని విశ్వాసులు మమ్మల్ని ఎన్నోసార్లు అడిగారు. ఈ గుంపుల గురించి తెలిశాక మా జవాబు కొంచెం తేటపడింది. పక్కన కూర్చోవడం నా పని. వస్తువు వదలడం నీ పని. నీ పని నేను చేస్తే నీకు సహాయం చేసినట్టు కాదు, నీ చెయ్యి నరికినట్టు.

కాబట్టి మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాము. సంఘము ఎవరి ఇల్లూ వారికి తెలియకుండా ఖాళీ చేయకూడదు. వారిని ముందు పెట్టుకుని లోభము మీద ప్రసంగం చేయకూడదు. దానికి బదులు ఇద్దరో ముగ్గురో కలిసి కూర్చునే చోటు ఇవ్వాలి.

ఈ మాట ముఖ్యంగా హైదరాబాదులోనో, గల్ఫులోనో, అమెరికాలోనో ఉండి ఇది చదువుతున్న మన బిడ్డలకు. సెలవులకు వస్తారు. అమ్మ ఇల్లు చూసి తట్టుకోలేరు. ఉన్న పది రోజుల్లో అంతా ఊడ్చి, కొత్త బీరువా కొనిపెట్టి విమానం ఎక్కుతారు. తరువాత ఫోనులో అమ్మ గొంతు మారిపోతుంది. ఆ పది రోజుల్లో ఒక్క సంచి చాలు. అమ్మ పక్కన కూర్చోండి. ఒక్కొక్కటీ ఆమె చేతికే ఇవ్వండి. దాని కథ చెబితే వినండి. ఉంచుకుంటానంటే ఉంచనివ్వండి. వెళ్లాక వారానికి ఒకసారి వీడియో కాల్‌లో ఇంకో సంచి. ఆమె పని ఆమెది, తోడు మాత్రం మీది.

మీరు అడిగే ప్రశ్నలు

ప్రార్థన చాలదా అని కొందరు అడుగుతారు. ప్రార్థన లేకుండా మేము ఏదీ మొదలుపెట్టము. కానీ షుగరు ఉన్నవారి కోసం ప్రార్థించి మాత్ర కూడా వేసుకోమంటాము కదా. ఇదీ అంతే. పైగా సామాను పేరుకోవడం వెనుక ఒక్కోసారి దిగులు వ్యాధి, మతిమరుపు వ్యాధి కూడా ఉండవచ్చు. అది తేల్చవలసింది డాక్టరు, పాస్టరు కాదు. దగ్గరలో మానసిక వైద్యులు లేనివారు టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. అది ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

అగ్గి అంటుకుంటేనో, పాములు తేళ్లు చేరితేనో ఏం చేయాలి? అప్పుడు ఊరికే చూస్తూ కూర్చోమని మేము చెప్పము. పొయ్యి చుట్టూ, మంచం, తలుపుకు దారి, కరెంటు బోర్డు. ముందు ఈ నాలుగూ. అది కూడా వారితో మాట్లాడి, వారు ఉండగానే, అంతవరకే.

పల్లెలో రహస్యం నిలుస్తుందా? ఇది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. శాన్ ఫ్రాన్సిస్కో పెద్ద నగరం, ఆ గుంపులో కూర్చున్నవారికి ఒకరి ఇల్లు ఒకరికి తెలియకపోవచ్చు. మన ఊళ్లో అందరికీ అందరి వంటగదీ తెలుసు. అందుకే ఇలాంటి గుంపును సంఘ ప్రకటనల్లో చదవకూడదు. రెండు మూడు ఊళ్ల సంఘాలు కలిసి, మండల కేంద్రంలో ఎవరూ పట్టించుకోని చోట, ఇంకేదో పేరుతో కూర్చోవచ్చు. నడిపేవారు నోరు కట్టుకోగలవారై ఉండాలి. ఆ ఒక్క గుణం లేకపోతే అసలు మొదలుపెట్టకపోవడమే మేలు.

ఆ వసారాలో

చివరిగా ఆ తల్లి గురించి. మేము వెళ్లి క్షమాపణ అడిగాము. ఆమె వెంటనే క్షమించలేదు. అడగకుండా పారేసిన వాటిలో భర్తగారు పొలం నుండి రాసుకొచ్చిన లెక్కల చీటీలు ఉన్నాయని అప్పుడు చెప్పారు. మేము వాటిని చెత్త అనుకున్నాము. ఆయన చేతిరాత ఆమె దగ్గర మిగిలింది అదొక్కటే. ఆ మాట విన్నాక మాకు ప్రార్థన చేయడానికి కూడా నోరు రాలేదు.

కొన్ని నెలల తరువాత అమ్మగారు, అంటే మా ఇంటివారు, తన సొంత సంచి ఒకటి పట్టుకుని ఆ వసారాకు వెళ్లారు. మా ఇంట్లో కూడా అటక మీద ఉన్నాయి కదా, పనికిరావని తెలిసినా దించలేనివి. "నాకూ వదలబుద్ధి కావడం లేదమ్మా, మీరు కాస్త చూసి చెప్పండి" అన్నారు. ఆ తల్లి మొదటిసారి గడియ తీసి కూర్చున్నారు. మా సంచిలోని సామాను చూసి ఎవరైనా ఇవి దాచుకుంటారా అని నవ్వారట. తరువాతి వారం తన సంచి తెచ్చుకున్నారు. ఇంకొక సహోదరి కూడా చేరారు. ఇది వైద్యం అని మేము అనము. ముగ్గురు ఆడవాళ్లు, మూడు సంచులు, మధ్యలో టీ.

ఇప్పుడు మంచం ఖాళీ అయింది. ఆమె మంచం మీదే పడుకుంటున్నారు. రెండో గది మాత్రం అలాగే ఉంది. ఎప్పుడు ఖాళీ అవుతుందని మేము అడగడం మానేశాము. కిందటి నెల ఆమె తానుగా ఒక మాట అన్నారు: "అయ్యగారూ, వచ్చే కూడిక మా వసారాలో పెట్టుకుందామా?" పదిమంది పట్టారు. ఆ రాత్రి అక్కడ పాడిన పాటలు ఆ మూటల మధ్య నుండే దేవుని సన్నిధికి చేరాయని మేము నమ్ముతున్నాము.

మన ప్రభువు ఎవరి ఇల్లు సర్దుకున్నాక లోపలికి వద్దామని వేచి ఉండడు. తలుపు దగ్గర నిలిచి తట్టుతాడు. తీసేవరకు తట్టుతాడు గాని గడియ విరగ్గొట్టడు. ఆయన సంఘమైన మనము కూడా అలాగే తట్టడం నేర్చుకుందుము గాక. ఆమేన్.